పైపు చివర ఉన్నవాళ్లు

వేగులపట్నంలో భూమి కింద ఆరువందల నలభై కిలోమీటర్ల పైపులున్నాయని నీటి విభాగం రికార్డులు చెప్పేవి. ఏడువందల పైమాటేనని ఫిట్టర్ పైడిరాజు చెప్పేవాడు. పైడిరాజు మాటే నిజమని తేలడానికి ఇంజనీరు సుభాషిణికి రెండేళ్లు పట్టింది.

ఆ రెండేళ్లూ ఆమె అతని వెనకే ఊరంతా తిరిగింది. అతను మూడు మూరల ఇనప కడ్డీ ఒకటి పట్టుకుని నడిచేవాడు. ఒక కొస వాల్వు మీద ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. "కుడి పక్కకి పోతన్నాదమ్మా నీరు. కిందెక్కడో కారతన్నాది" అనేవాడు. తవ్వి చూస్తే కారుతూనే ఉండేది. ముప్పై నాలుగేళ్ల సర్వీసు అతనిది. ఏ పైపు ఎంత లావు, లోపల ఎంత తుప్పు పట్టి ఉంటుంది, ఏ వాల్వు ఎంత తిప్పినా సగమే మూసుకుంటుంది, అన్నీ అతను చెబుతుంటే ఆమె ట్యాబ్‌లో గీసుకునేది. ఆ గీతల్లోంచి పుట్టింది ధార.

ధార ఒక సాఫ్ట్‌వేర్. పంప్‌హౌస్ మేడ మీద గదిలో, గోడంత తెర మీద ఊరి పైపులన్నీ నీలం నరాల్లా కనిపించేవి. తొమ్మిదివందల చోట్ల అమర్చిన సెన్సర్లు నీటి ఒత్తిడినీ, అందులోని క్లోరిన్‌నీ క్షణక్షణం చెబుతుంటే, ధార ఆ నీటిని తనలో ముందే పారించుకునేది. భూమిలో నీళ్లు పదింటికి చేరే చోటికి ధారలో ఆరింటికే చేరిపోయేవి. ఏ వీధికి ఏ వేళకి ఎంత పాత నీరు వస్తుందో, అందులో మందు ఎంత మిగిలి ఉంటుందో, ఏ పైపు రేపు పగులుతుందో అది ఇవాళే చెప్పేది. మొదటి ఏడాది అది చెప్పిన పగుళ్లలో తొంభై శాతం నిజమయ్యాయి. రెండో ఏడాది దానికి చేతులు కూడా ఇచ్చారు. రెండువందల పదకొండు వాల్వులకి మోటార్లు బిగించి, ఆ మోటార్లని ధారకి కలిపారు.

ఆ రోజు పైడిరాజు తలపాగా విప్పి చేత్తో పట్టుకుని తెర ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"మా కాలనీ ఏదమ్మా ఇందులో?"

అతనిది ఉప్పుమళ్ల కాలనీ. ఊరికి తూర్పు కొసన, మూతపడ్డ ఉప్పు ఫ్యాక్టరీ అవతల, ఉప్పుటేరు గట్టున ఉంటుంది. సుభాషిణి తెర మూలన ఒక చుక్కని చూపించింది.

"ఇంతేనేటి! పదమూడు ఈదులండీ మాయి."

"చిన్న పైపులన్నీ విడివిడిగా పెడితే ధార నెమ్మదైపోతుంది పైడిరాజు గారూ. అందుకని మొత్తం కాలనీని ఒక చుక్క కింద కలిపాను. లెక్కేం మారదు."

"మీకు తెలీదేటమ్మా" అని అతను నవ్వాడు.

*

మార్చి నెలలో ఒక మంగళవారం, ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకి, శుద్ధి కేంద్రం దాటాక మెయిన్ పైపు మీద ఉన్న మొదటి సెన్సర్‌లో క్లోరిన్ ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. నీటిలో ఏదో ఉంది, అది క్లోరిన్‌ని తినేస్తోంది. ఆ ఏదో ఏమిటన్నది అప్పటికి ఎవరికీ తెలియదు. పురుగుమందుల ముడిసరుకు తీసుకెళ్తున్న ట్యాంకరొకటి తెల్లారుజామున ఊరికి నీళ్లు తెచ్చే కాలవలో బోల్తా పడిందని, డ్రైవరు భయపడి ఎవరికీ చెప్పకుండా పారిపోయాడని రెండు రోజుల తర్వాత తెలిసింది.

తెర మీద నీలం పైపులో ఎర్రటి ముద్ద ఒకటి కదలడం మొదలుపెట్టింది. తొమ్మిది లక్షల లీటర్ల నీరు. పెద్ద జంక్షన్‌కి అది చేరడానికి ఇరవై ఒక్క నిమిషాలు. అది దాటితే ఊరి నాలుగు వైపులకీ చీలిపోతుంది.

ధార నాలుగు సెకన్లలో తన దారి చెప్పింది. ముప్పై ఆరు వాల్వులు మూసి, ఐదు తెరిచి, ఆ నీటిని మొత్తం తూర్పు వైపు పాత ఉప్పు ఫ్యాక్టరీ లైన్లోకి మళ్లించి, చివర ఉన్న గేటు తెరిచి ఉప్పుటేరులోకి వదిలేయాలి. కింద రెండు అంకెలు చూపించింది. మళ్లించకపోతే ఆ నీరు అందేది లక్షా అరవై వేలమందికి. మళ్లిస్తే నాలుగువందల నలభై మందికి.

మనిషి ఒప్పుకుంటేనే ధార వాల్వులు తిప్పాలని నియమం. అందుకు తొంభై సెకన్ల గడువు. చీఫ్ ఇంజనీరు గురుమూర్తి గారు కలెక్టరేట్‌లో మీటింగ్‌లో ఉన్నారు, ఫోను తియ్యలేదు. గదిలో సుభాషిణి, ఆపరేటరు ఒకతను ఉన్నారంతే. ఆమె ఆ నాలుగువందల నలభై వైపు చూసింది. నీరు అక్కడికి చేరడానికి రెండు గంటలు పడుతుంది. ఈలోగా అందరికీ చెప్పెయ్యొచ్చు. డెబ్బయ్యో సెకనులో ఆమె 'సరే' నొక్కింది.

తెర మీద వాల్వులు ఒక్కొక్కటే మూసుకుని ఎర్రబడసాగాయి. తెరుచుకోవాల్సిన అరవైమూడో నంబరు మాత్రం కదల్లేదు. ఐస్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర మోటారు పట్టేసింది. ఆమె పైడిరాజుకి ఫోన్ చేసింది. అతను దానికి రెండు వీధుల అవతలే ఉన్నాడు. సైకిలు మీద పోయి గుంతలోకి దిగాక మళ్లీ తనే చేశాడు.

"ఇది తెరిస్తే నీరు మా సివరి లైనుకి ఎలిపోద్ది కదమ్మా?"

"అవునండీ. క్లోరిన్ తేడాగా ఉంది. ఏట్లోకి వదిలేస్తున్నాం. బేగి తిప్పండి, టైము లేదు."

"మరి మావోల్లు పట్టుకుంటారేమో?"

"అందరికీ మెసేజ్ వెళ్తోంది. మైకు బండి కూడా పంపిస్తున్నాను."

"అయితే సరేనమ్మా."

చక్రాన్ని నలభైరెండు చుట్లు తిప్పాలి. అరవై దాటిన మనిషి, ఆరు నిమిషాల్లో తిప్పేశాడు. పైకొచ్చి భార్య ఆదెమ్మకి ఫోన్ చేశాడు. ఆమె కాలనీ అంగన్‌వాడీలో వంటమనిషి. ఫోను ఇంట్లో చార్జింగు పెట్టి వెళ్లింది. మైకు బండి ఎలాగూ పోతోంది కదా అనుకుని, మేడమ్ చెప్పిన తర్వాతి వాల్వు దగ్గరకి అతను సైకిలు తొక్కుకుంటూ వెళ్లాడు.

పన్నెండున్నరకల్లా ఎర్రటి ముద్ద ఊరిని ఒరుసుకుంటూ పోయి తూర్పు కొసన మాయమైంది. పెద్ద జంక్షన్ దగ్గర క్లోరిన్ మామూలుగా ఉంది. ఆపరేటరు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. గురుమూర్తి గారు పరుగున వచ్చి, ఆ తెరని చూసి, "లక్షా అరవై వేలమంది, సుభాషిణీ!" అని మాత్రం అనగలిగారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకీ తిరిగాయి.

*

ధార మెసేజ్ పంపింది నిజమే. ఉప్పుమళ్ల చుక్కకి రికార్డులో ఒక్కటే కనెక్షన్ ఉంది. అది ఉప్పు ఫ్యాక్టరీ పేరు మీద ఉంది. ఆ ఫోను నంబరు ఫ్యాక్టరీ మేనేజరుది. ఆయన పోయి ఆరేళ్లయింది. మైకు బండి కూడా వెళ్లింది. రికార్డులో ఉన్న చిరునామా ప్రకారం ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్లి, తాళం వేసిన ఆ గేటు ముందు హెచ్చరిక మూడుసార్లు చదివి వెనక్కి వచ్చేసింది. కాలనీ అక్కడికి రెండు కిలోమీటర్లు.

ఆ మధ్యాహ్నం నీళ్లకి వాసన వేసిందని చాలామంది గమనించారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ లైను నీళ్లకి వాసన లేని రోజంటూ లేదు.

మూడింటికి ప్రభుత్వాసుపత్రికి మొదటి ఆటో వచ్చింది. చీకటి పడేసరికి వరండాలో కూడా చోటు లేదు. నోటి వెంట నురగ, కంటిపాపలు గుండుసూది మొనంత చిన్నవై, ఊపిరందక కొట్టుకుంటున్న మనుషులు. ఆశా కార్యకర్త నూకరత్నం, పైడిరాజు కూతురు, రోగులని మోసుకొస్తూనే డాక్టర్ల వెంటపడి చెప్పింది. "నీల్లండి బాబూ, నీల్లే! ఇల్లిల్లూ తిరిగి సూసినాను. బోరు నీరు తాగినోల్లకి ఏటీ కాలేదు." కల్తీ సారా అయి ఉంటుందని సాయంత్రం వార్తల్లో చెప్పారు. తర్వాత అంగన్‌వాడీ భోజనం కలుషితమైందన్నారు.

గురువారానికి ఇరవై ముగ్గురు పోయారు. వాళ్లలో ఏడుగురు అంగన్‌వాడీ పిల్లలు. వాళ్లకి అన్నం వండి, వాళ్లు తిన్నాక తను తిన్న ఆదెమ్మ కూడా పోయింది.

సుభాషిణి ఇంట్లో ఆ రెండు రోజులూ ఫోను మోగుతూనే ఉంది. ఆమె ఫొటో పేపర్లో పడింది. గురువారం పొద్దున్న ఆమె భర్త మాధవ్ టీవీ సౌండ్ పెంచి పిలిచాడు. "సుభా, ఉప్పుమళ్ల అంటే మీ పైడిరాజు వాళ్ల కాలనీ కదూ?"

ఆమె చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పంప్‌హౌస్‌కి బయలుదేరింది.

*

గదిలో ఎవరూ లేకుండా చూసి ఆమె మంగళవారం లెక్కని మళ్లీ తెరిచింది. నాలుగువందల నలభై అన్న అంకె ఎక్కడ నుంచి వచ్చిందో వెతికింది. కాలనీ రోజుకి వాడే నీరు అరవై వేల లీటర్లు. మనిషికి నూట ముప్పై అయిదు లీటర్ల చొప్పున భాగిస్తే నాలుగువందల నలభై మంది. ఊరు మొత్తానికి తను పెట్టిన లెక్కే అది. పెద్ద ఇళ్లకీ, హోటళ్లకీ, ఉప్పుమళ్లకీ ఒకటే లెక్క.

ఆ సాయంత్రం కాలనీకి వెళ్లింది. ఎవరూ ఆమెని ఆపలేదు, ఎవరూ పలకరించలేదు. పైడిరాజు ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నూకరత్నం గుమ్మంలో నిలబడి ఉంది. సుభాషిణి అరుగు దగ్గరకి వెళ్లింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. నీళ్లలో ఏముందో, ధార ఏం చెప్పిందో, తను ఏం నొక్కిందో, మైకు బండి ఎక్కడిదాకా వచ్చి తిరిగిపోయిందో.

నూకరత్నమే ముందు మాట్లాడింది.

"ఎంతమందిమి అనుకున్నాది మేడమ్, ఆ మిసను?"

"నాలుగువందల నలభై."

"మూడు వేల నూటిరవై మందిమి. మొన్న పోలియో సుక్కలకి నానే రాసినాను." ఆమె గొంతు పెంచలేదు. "అరవై వేల లీటర్లంటే మనిసికి ఒక బిందె. తానాలు బోరు దగ్గర. బట్టలు ఏట్లో. కులాయి నీరు మేం నేల మీద ఒలకబొయ్యం మేడమ్. తాగడానికీ, వొండుకోడానికే."

సుభాషిణికి అప్పుడు అర్థమైంది. ధార నీటిని కొలిచింది. తక్కువ నీరు వాడేచోట తక్కువ నష్టం అనుకుంది. ఊళ్లో కుళాయి నీటిలో నూరు లీటర్లకి మూడు లీటర్లు నోట్లోకి వెళ్తే ఎక్కువ. ఇక్కడ ప్రతి చుక్కా నోట్లోకే వెళ్తుంది. ఊరంతటిలోనూ ఆ విషాన్ని ఎక్కడికి పంపకూడదో సరిగ్గా అక్కడికే పంపింది.

పైడిరాజు తన అరచేతులు చూసుకుంటున్నాడు.

"నాను ఆ సక్రం తిప్పకపోతే ఏటయ్యేదమ్మా?"

"ఊరికి వెళ్లిపోయేది. అక్కడ పోయేవాళ్లు."

"ఎంతమంది?"

"ఎక్కువమందే. వందల్లో ఉండొచ్చు."

అతను తల ఊపాడు. "మా ఆది ఆ యాల అన్నం వొండకపోయినా బాగున్ను" అని, తువ్వాలు మొహాన కప్పుకున్నాడు. సుభాషిణి అక్కడే నిలబడింది. ఆమెని కూర్చోమని ఎవరూ అనలేదు.

ఇంటికొచ్చేసరికి వాషింగ్ మెషీన్ నడుస్తోంది. స్నానాలగదిలో కూతురు తన్మయి పళ్లు తోముకుంటూ కుళాయి వదిలేసి పాట పాడుకుంటోంది. మెషీన్ గొట్టంలోంచి నురగ నీరు దబదబా తూములోకి పోతోంది. సుభాషిణి వెళ్లి ముందు కుళాయి కట్టేసింది, తర్వాత మెషీన్ కట్టేసింది. "ఏమైందమ్మా?" అని పాప అడుగుతుంటే గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

*

మర్నాటి నుంచి ఆమె చేసిన పని ఒకటే. ఉప్పుమళ్ల చుక్కని విడదీసి పదమూడు వీధులూ గీసింది. నూకరత్నం దగ్గర జనాభా లెక్క తీసుకుని వీధివారీగా వేసింది. లీటర్లని కాకుండా మనుషులని లెక్కపెట్టమని ధారకి చెప్పింది. అప్పుడు మంగళవారం ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలని మళ్లీ దానికి ఇచ్చింది.

ధార ఈసారి ఉప్పుమళ్లని వదిలేసింది. నీటిని పడమరకి మళ్లించి బూడిదదిబ్బకి పంపింది. పాత రైస్‌మిల్లుల వెనక బూడిద పోసిన చోట వెలిసిన పేట అది. తొమ్మిదివందల ఎనభై మంది.

బూడిదదిబ్బని కాపాడమని చెబితే శ్మశానం రోడ్డు గుడిసెలకి పంపింది. అక్కడ వద్దంటే మళ్లీ ఉప్పుమళ్లకి వచ్చింది. ధారకి ఎవరి మీదా పగ లేదు. పైపు చివరలన్నీ ఊరి చివర ఉన్నాయి. ఊరి చివర ఉండేది వీళ్లే.

చివరికి ఆమె తను రాసిన నియమాల జాబితా తెరిచింది. పదిహేడో నియమం దగ్గర ఆగింది. 'ఊరి మొత్తానికి సరఫరా ఆపకూడదు.' అది రాసిన రోజు ఆమెకి బాగా గుర్తుంది. కమిషనర్ గారు కాఫీ తాగుతూ అన్నారు. "ఊరంతటికీ నీళ్లు కట్టేసే అధికారం మాత్రం మెషీన్‌కి ఇవ్వకండమ్మా. ఒక్కపూట కుళాయి రాకపోతే ఇక్కడ ఏమవుతుందో మీకు తెలీదు." ఆమె మారు మాట్లాడకుండా ఒక్క వాక్యం చేర్చింది.

ఆ వాక్యం తీసేసి ధారని మళ్లీ అడిగింది. జవాబు రెండు సెకన్లలో వచ్చింది. పంపులు ఆపాలి. పెద్ద జంక్షన్‌కి ముందే మెయిన్ కట్టేసి, పైపులో ఉన్న నీటినంతా పంప్‌హౌస్ పక్క మురుగు కాలవలోకి వదిలెయ్యాలి. మళ్లీ కడిగి నింపడానికి ముప్పై ఒక్క గంటలు. ఆ ముప్పై ఒక్క గంటలూ ఊళ్లో ఎవరికీ నీళ్లు రావు. విషం అందేవాళ్లు సున్నా.

ఆమె ఆ సున్నా వైపు చూస్తూ ఉండిపోయింది.

*

విచారణ కమిటీలో ముగ్గురున్నారు. ఆమె అన్ని లెక్కలూ వాళ్ల ముందు పెట్టింది. తను చేసిన తప్పు ముందు చెప్పింది, పదిహేడో నియమం తర్వాత చెప్పింది. మొదటిదాన్ని వాళ్లు శ్రద్ధగా రాసుకున్నారు. రెండోది వచ్చేసరికి పెన్నులు ఆగాయి.

"అంటే ఒక చిన్న అనుమానం వస్తే నాలుగు లక్షలమందికి నీళ్లు ఆపేయాలంటారా? ఆసుపత్రులున్నాయి, హాస్టళ్లున్నాయి" అన్నాడు ఒకాయన.

"ముప్పై ఒక్క గంటలండీ. ట్యాంకర్లతో ఇవ్వొచ్చు."

"అది పాలనకి సంబంధించిన విషయం. సాంకేతిక విషయం కాదు" అన్నారు విభాగం తరఫున వచ్చిన గురుమూర్తి గారు. ఆయన ఆమె వైపు చూడలేదు. బయటికొచ్చాక మాత్రం మెట్ల దగ్గర ఆగి, "నువ్వు చెప్పింది నిజమే సుభాషిణీ. కానీ ఆ నియమం తియ్యమని పట్టుబడితే ధారనే ఆపేస్తారు. అప్పుడు ఆ లక్షా అరవై వేలమందిని రేపు ఎవరు చూస్తారు? ఉన్నది ఉండనీ" అన్నారు.

కాలనీ సమాచారంలో లోపం ఉందనీ, దాన్ని సరిదిద్దారనీ కమిటీ తేల్చింది. సుభాషిణిని మీటర్లు పరీక్షించే షెడ్డుకి బదిలీ చేశారు. ఉప్పుమళ్ల కాలనీకి కొత్త కుళాయిలూ, మైకు స్తంభమూ వచ్చాయి. ధారని మరో పదకొండు ఊళ్లలో పెట్టాలని నిర్ణయమైంది. పదిహేడో నియమం అలాగే ఉంది.

పైడిరాజు నెల తిరక్కుండానే డ్యూటీకి వచ్చాడు. కడ్డీ పట్టుకుని తిరిగేవాడు గానీ ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. మీటర్ల షెడ్డు వైపు వచ్చినప్పుడు మాత్రం గుమ్మంలో నిలబడి, "బాగున్నారేటమ్మా?" అనేవాడు. "బాగున్నానండీ. మీరో?" అనేది ఆమె. అంతకంటే మాట సాగేది కాదు. ఒకసారి ఆమె, "నన్ను తిట్టండి పైడిరాజు గారూ, ఒక్కసారైనా తిట్టండి" అంది. "తిడితే మీకు బాగుంటాదేమోనమ్మా. నాకు బాగోదు" అన్నాడు.

*

ఆగస్టులో, మూడు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసిన తర్వాత, శుక్రవారం పదకొండు గంటల వేళ ఆమె ఫోను మోగింది.

"అమ్మా, ఆ మిసను మల్లీ అడుగుతున్నాది." అవతల పైడిరాజు. "ఎనబై ఎనిమిదో నెంబరు మోటారు పట్టేసిందంట, సేత్తో తెరమని పంప్‌హౌస్ నుంచి సెప్పినారు. క్లోరిను తేడా వచ్చిందంట. తియ్యనా?"

ఎనభై ఎనిమిది పడమటి లైను మీద ఉంది. దాని చివర బూడిదదిబ్బ. ఆ దారి ఆమెకి ముందే తెలుసు, మార్చిలో తెర మీద చూసింది.

"ముట్టుకోకండి. పంప్‌హౌస్ వెనక మెయిన్ మీద పాత చేతి వాల్వు ఇంకా పనిచేస్తుందా?"

"మొన్నే గ్రీజు పెట్టినాను."

"అక్కడికి వచ్చెయ్యండి. నేనూ వస్తున్నాను."

వానలో ఆమె స్కూటీ పంప్‌హౌస్ చేరేసరికి అతను అప్పటికే గుంతలో ఉన్నాడు, మోకాళ్ల దాకా నీళ్లు. అది ధార చేతికి అందని వాల్వు. మోటారు లేదు, తెర మీద లేదు. ఆమె లోపలికి వెళ్లి పంపుల స్విచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి దించింది. అంతవరకు హోరెత్తిన ఆ హాలు మూగబోయింది. ఆపరేటరు మేడ మీద నుంచి అరుస్తూ దిగొచ్చాడు. "మేడమ్! మీకు ఇక్కడ పర్మిషన్ లేదు! ఏం చేస్తున్నారు మేడమ్!" ఆమె బయటికి నడిచి గుంతలోకి దిగింది. ఇద్దరూ కలిసి చక్రం తిప్పారు. నూట పది చుట్లు. అరవై దగ్గర పైడిరాజు దగ్గుతో కూలబడ్డాడు, ఆమె ఒక్కర్తే తిప్పింది. తర్వాత అతను మళ్లీ లేచాడు. పక్క గేటు తెరవగానే మెయిన్ నీరంతా ఎర్రగా, బురదగా కాలవలోకి దూకింది.

పోలీసులు వచ్చేసరికి పన్నెండున్నర. వాళ్లు గుంత చుట్టూ నిలబడి, ఇద్దరినీ పైకి రమ్మన్నారు. అప్పటికి పైపు ఖాళీ అయిపోయింది.

వేగులపట్నంలో ముప్పై మూడు గంటలు నీళ్లు రాలేదు. ఆసుపత్రిలో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ట్యాంకర్ల దగ్గర జనం కొట్టుకున్నారు. కార్పొరేషన్ ఆఫీసు అద్దాలు పగిలాయి. ఎవరూ చనిపోలేదు.

ఎవరూ చనిపోలేదు కాబట్టి ఎవరూ నమ్మలేదు. నీటి నమూనా తీసేసరికి కాలవ పొంగి పారుతోంది, అందులో బురద తప్ప ఏమీ దొరకలేదు. వానకి సెన్సరు తడిసి తప్పుగా చూపించి ఉండొచ్చని నిపుణులు రాశారు. ఆ నీటిలో నిజంగా విషం ఉందో లేదో సుభాషిణికి కూడా తెలియదు. ఎప్పటికీ తెలియదు. సర్కారు ఆస్తికి నష్టం కలిగించారని, ప్రజలని ఇబ్బంది పెట్టారని ఇద్దరి మీదా కేసు పెట్టి, ఉద్యోగాల్లోంచి తీసేశారు. రిటైర్మెంటుకి పైడిరాజుకి ఇంకా ఎనిమిది నెలలున్నాయి.

బెయిలు మీద బయటికొచ్చాక ఒక మధ్యాహ్నం వాళ్లిద్దరూ బూడిదదిబ్బ మీదుగా నడిచి వస్తున్నారు. వీధి కుళాయి దగ్గర ఒక ముసలామె పైడిరాజుని గుర్తుపట్టింది. బిందె కింద పెట్టి, కొంగు నడుముకి బిగించి, రోడ్డు మధ్యకి వచ్చింది.

"నువ్వే కదరా నీల్లు కట్టేసినోడివి! రెండు రోజులు సిన్న పిల్లలకి గొంతు తడపడానికి సుక్క లేకుండా సేసినావు కదరా! నీ సేతులు పడిపోనూ! నీ ఇల్లు గుల్లైపోనూ!"

ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి చేరారు. గోడ దగ్గర ఆడుతున్న పిల్లలు ఆట ఆపి చూస్తున్నారు. సుభాషిణి ముందుకొచ్చి, "అవ్వా, అది కాదు, ఆ రోజు నీళ్లలో..." అనబోయింది. పైడిరాజు ఆమెని చేత్తో ఆపాడు.

"తిట్టనియ్యమ్మా" అన్నాడు నెమ్మదిగా. "బతికుంది కాబట్టి తిడతన్నాది."

ముసలామె తిట్లు అయిపోయేదాకా అతను తల వంచుకుని అక్కడే నిలబడ్డాడు.